బక్కల్‌కు అత్త పెట్టిన పేరు

సిరొంచలో మా దుకాణం బస్టాండుకు పోయే దారిలో ఉంది. బడి సంచులు, బెల్టులు, రెక్సిన్ పెట్టెలు, గొడుగులు అమ్ముతాం. ముందు గల్లా దగ్గర మా బాపు కూర్చుంటాడు. లోపల, కిటికీ వెలుతురు పడే మూలన, చిన్న పీట మీద మా మేనత్త కూర్చుంటుంది. తెగిన పట్టీలు కుట్టడం, ఊడిన బక్కళ్ళు బిగించడం ఆమె పని. ఆమె బాపుకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. దబ్బనంలో దారం ఎక్కిస్తూ, "తీరలే బిడ్డా" అంది. అంతకు మించి ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

బెల్టు కొసన ఉండే లోహపు చట్రాన్ని, నడుమ ముల్లుతో పట్టీని పట్టి ఉంచేదాన్ని, మా దగ్గర అందరూ బక్కల్ అంటారు. ఇంగ్లిషు మాటే, మరాఠీలోకి వచ్చి, అక్కడినుంచి మా నోళ్ళలోకి వచ్చింది. అత్త ఒక్కతే దాన్ని బుగ్గ అనేది. చిన్నతనంలో సరిగ్గా వినబడక అలా పట్టుకుందని బాపు అనేవాడు. అత్త ఒప్పుకునేది కాదు. పాత ఇత్తడి బక్కల్ ఒకటి అరచేతిలో పెట్టి చూపించేది.

"జూడు, ఎట్ల ఉబ్బి ఉన్నదో. బుగ్గ గాక ఏంది?"

ఒకసారి సరుకు అయిపోతే మంచిర్యాల వ్యాపారికి తానే ఫోన్ చేసి, "పెద్ద బుగ్గలు నాలుగు డజన్లు పంపు" అని చెప్పింది. వారం తర్వాత డబ్బా వచ్చింది. విప్పితే అన్నీ పిల్లలు ఊదుకునే రబ్బరు బుగ్గలు. పాపం ఆయన తప్పేముంది? మా వైపు వాటినీ బుగ్గలే అంటాం. కరెంటు బల్బునూ బుగ్గ అంటాం. నేలలోంచి నీళ్ళు ఉబికి వచ్చే చోటునూ బుగ్గ అంటాం. ఆ రోజు బాపు ఒక ఎర్ర బుగ్గ ఊది అత్త పీట కోడుకు కట్టాడు. ఆమె చేతిలో ఉన్న దబ్బనంతో దాన్ని టప్పున పేల్చి, ఏమీ కానట్టు మళ్ళీ కుట్టులో పడింది. ఆ ముచ్చట చెప్పుకుని మేం ఎన్నేళ్ళు నవ్వామో లెక్కలేదు.

రెండేళ్ళ కింద చలికాలంలో, వరికోతలు అయిపోయిన రోజుల్లో, ఆ నవ్వు ఆగింది.

ఆ రోజుల్లో పొద్దున్నే ప్రాణహిత మీదినుంచి మంచు లేచి వీధుల్లోకి వచ్చేది. ఎదురింటి అరుగు కనబడేది కాదు, దాని మీద కూర్చున్నవాళ్ళ దగ్గు మాత్రం వినబడేది. నేను రేగుంట బడికి తయారవుతున్నాను. అక్కడ నేను పంతులమ్మను. పెరట్లో అత్త నోరు పుక్కిలిస్తోంది. పుక్కిలించిన నీళ్ళు ఎడమ పెదవి మూలనుంచి జారి మెడ మీదికి పోతున్నాయి. ఆమె చెంబు కింద పెట్టి, తడిసిన రవికె వంక చూసుకుంటూ నిలబడింది.

"ఏమైంది అత్తా?"

ఆమె నా వైపు తిరిగింది. ఎడమ బుగ్గ కిందికి వాలిపోయి ఉంది. ఎడమ కన్ను తెరిచినది తెరిచినట్టే ఉంది. ముఖంలో సగం నిద్రపోతున్నట్టు, సగం మేల్కొని దాన్ని లేపడానికి చూస్తున్నట్టు ఉంది. మంచులో నిలబడి ఉండడంతో నాకు ఒక క్షణం అది కలేమో అనిపించింది. కల అయితే బాగుండునని కూడా అనుకున్నాను.

డాక్టరు చూసి, ఇది పక్షవాతం కాదన్నాడు. ముఖానికి పోయే నరం వాచిందని, చాలామందికి మెల్లగా తిరిగివస్తుందని చెప్పాడు. మాత్రలు ఇచ్చాడు. ఆరిపోకుండా కంట్లో వేయడానికి చుక్కల మందు ఇచ్చాడు. ముఖానికి కసరత్తు నేర్పించే ఒకావిడ నాగేపల్లిలో ఉంది, పదిహేను రోజులకోసారి అక్కడికి తీసుకుపొమ్మన్నాడు.

అత్తను బాధపెట్టింది వంకరపోయిన ముఖం కాదు, మాట. మా దుకాణానికి గొంతు ఆమే. తెలుగులో బేరం మొదలుపెట్టి, మరాఠీలో కొసరి, అడవి ఊళ్ళవాళ్ళు వస్తే నాలుగు గోండి మాటలతో వాళ్ళను నవ్వించి పంపేది. ఇప్పుడు పెదవులు కలవడం లేదు. మ సగం మిగిలింది కానీ ప, బ అసలే పలకడం లేదు. మొదటి రోజే నన్ను "విడ్డా" అని పిలిచింది. పిలిచి, తన చెవులతో తానే విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె మాట్లాడడం మానేసింది. దుకాణంలోకి పోవడమూ మానేసింది. మా ఇల్లు దుకాణం వెనకే. పెరటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేది. ముఖం మీద కొంగు, కొంగు మీద ఎండ. గంటలు గడిచిపోయేవి.

బాపు వచ్చి బతిమాలాడు.

"అక్కా, జర దుకాణంల కూసో. జనం నీ ముఖం చూడనీకె వస్తరా ఏంది?"

ధైర్యం చెబుదామనే అన్నాడు. మాట బయటికి వచ్చాక గానీ అది ఎలా వినబడుతుందో ఆయనకు తెలియలేదు. అక్క పక్కనే గోడకు ఆనుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆ రోజు దుకాణం తెరిచే ఉంది. గల్లా దగ్గర ఎవరూ లేరు.

నాగేపల్లికి బస్సులో పోయేవాళ్ళం. రేగుంట దాటాక అడవి పట్టుకుంటుంది. టేకు చెట్లు ఆకులు రాల్చి, రెండు వైపులా పొడుగ్గా, బూడిద రంగులో నిలబడి ఉండేవి. వాటి నడుమ మంచు తెల్లగా పరుచుకుని ఉండేది. బస్సు దాన్ని చీల్చుకుని పోతుంటే దారి ముందే ఉందో, మేం పోతుంటే ఏర్పడుతోందో తెలిసేది కాదు. అత్త కుడి చెంప కిటికీకి ఆనించి నిద్రపోయేది. నిద్రపోయినా ఎడమ కన్ను పూర్తిగా మూతపడేది కాదు. మొదటిసారి నేను ఆ కంట్లోకి చూశాను. తడిగా మెరుస్తున్న ఆ కంటి మీద టేకు చెట్లు ఒకటి వెంట ఒకటి చిన్న చిన్న గీతలై జారిపోతున్నాయి. అత్త నిద్రలో ఉంది, అడవి ఆమె కంట్లోంచి వెళ్ళిపోతోంది. ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో. తర్వాత కన్ను ఆరిపోకూడదన్న డాక్టరు మాట గుర్తొచ్చి, చేతిరుమాలు మడిచి ఆ కంటి మీద కప్పాను.

కసరత్తు నేర్పే ఆవిడ వయసులో నాకంటే చిన్నది. మరాఠీ తప్ప తెలుగు రాదు. అత్తను అద్దం ముందు కూర్చోబెట్టి, "గాల్ ఫుగవా, మావశీ" అంది. బుగ్గలు ఉబ్బించు పెద్దమ్మా అని. అత్త కుడి బుగ్గ ఉబ్బింది, గాలి ఎడమవైపు నుంచి జారిపోయింది. ఆవిడ సొరుగులోంచి ఒక పసుపు రబ్బరు బుగ్గ తీసి ఊదమని ఇచ్చింది. అత్త దాన్ని బల్ల మీదికి నెట్టేసింది.

"నేనేమన్న చంటిఫిల్లనా?"

వారం రోజుల తర్వాత ఆమె నోటినుంచి నేను విన్న మొదటి మాట అది. ఆ మాట కూడా సరిగ్గా రాలేదని ఆమెకు తెలిసింది. కొంగు కప్పుకుంది.

ఆవిడ నొచ్చుకోలేదు. రబ్బరు బుగ్గను నా సంచిలో వేసి, ఇంకో ఉపాయం చెప్పింది. పెద్దమ్మ రోజూ పనిలో వాడే మాటల్లో పెదవులు కలిసేవి ఏరి రాయండి, అద్దం చూస్తూ పది పదిసార్లు పలికించండి, అలవాటైన మాట తొందరగా దారి పడుతుంది, అని.

తిరుగు బస్సులోనే నోటుపుస్తకం అట్ట మీద రాశాను. బెల్టు, బ్యాగు, పట్టీ, పెట్టె, బక్కల్. ఇంటికొచ్చి వసారాలో అద్దం పెట్టాను. అత్త "వెల్టు" అంది. "వ్యాగు" అంది. బక్కల్ దగ్గరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపింది.

"గది నా మాట గాదు."

నిజమే. కొట్టేసి బుగ్గ అని రాశాను. ఆమె అద్దంలోకి చూస్తూ, రెండు పెదవులూ దగ్గరికి తెచ్చే ప్రయత్నం చేసి, "వుగ్గ" అంది. మళ్ళీ అంది. మూడోసారి అనలేదు. అద్దాన్ని బోర్లా పెట్టేసింది. బుగ్గ కదలకపోతే బుగ్గ అనే మాటే రాదని నాకప్పుడు తట్టింది. ఆ మాట అక్కడ రాసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత చాలా రోజులు ఆ అట్టను ఆమె ముట్టలేదు.

ఒకరోజు రేగుంటలో బడి వదిలాక బస్సు కోసం వసారాలో కూర్చున్నాను. పిల్లలు వెళ్ళిపోయారు. వరికోసిన పొలాల మీద పొగలాంటి వెలుతురు ఉంది. దూరంగా ఎవరో గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని పోతుంటే మోపు ఒక్కటే నడిచిపోతున్నట్టుంది. కొట్టేసిన ఆ మాట నా మనసులో తిరుగుతోంది. రోజంతా పిల్లలకు మాటల అర్థాలు చెబుతాను. నేను పుట్టినప్పటినుంచి మా దుకాణంలో వేలాడుతున్న ఈ మాటకు అర్థమేమిటని ఎన్నడూ అడగలేదు. ఫోన్ తీశాను. ఆ వసారాలో చివరి స్తంభం దగ్గర మాత్రమే సిగ్నల్ వస్తుంది. అక్కడ నిలబడి ఇంగ్లిషు నిఘంటువులో బకిల్ అని వెతికాను.

పేజీ ఒక్కో వరుసా తెరుచుకుంది. ఇంగ్లిషులోకి ఆ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చిందట. అక్కడ దానికి డాలు నడుమ ఉబ్బెత్తుగా ఉండే లోహపు బొడిపె అనే అర్థం కూడా ఉందట. అంతకు ముందు లాటిన్‌లో ఉందట. లాటిన్‌లో ఆ మాటకు అర్థం చిన్న బుగ్గ. సిపాయిల శిరస్త్రాణానికి చెంప మీదుగా వచ్చే పట్టీని అలా పిలిచేవాళ్ళట. బుగ్గకు లాటిన్‌లో బుక్కా అని పేరు. మామూలు చెంప కూడా కాదు, గాలితో ఉబ్బించిన చెంప.

మళ్ళీ చదివాను. పేజీ కిందికి జరిపితే ఇంకో అర్థం కనబడింది. బరువుకు ఉబ్బి వంగిపోవడాన్ని కూడా ఇంగ్లిషులో అదే మాటతో చెబుతారట. కట్టి నిలిపేదానికీ, నిలవలేక వంగిపోవడానికీ ఒకటే మాట.

లాటిన్ బుక్కాకూ మన బుగ్గకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. భాషలు చదివినవాళ్ళు అది కాకతాళీయమే అంటారు, అదే నిజం కావచ్చు. కానీ ఆ సాయంత్రం స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంటే, ఎక్కడో తెలియని నది ఒడ్డున, ఇలాంటి మంచులోనే, ఒక మనిషి గుర్రం దిగి, చెంప కింద పట్టీ వదులు చేసుకుంటున్నట్టు కనబడింది. అతని పక్కన ఇంకెవరో పీట మీద కూర్చుని, తెగిన పట్టీ ఒళ్ళో పెట్టుకుని, చిన్న బుగ్గ అని దానికి పేరు పెడుతున్నట్టు కూడా. ఆ ఇంకొకరి ముఖం నాకు మా అత్త ముఖంలాగే ఉంది. బస్సు వచ్చి హారన్ కొట్టేదాకా అక్కడే ఉన్నాను.

ఇంటికి రాగానే సంచి కూడా దించకుండా పెరటి వసారాలోకి పోయాను.

"అత్తా, బక్కల్ అంటే ఏందో ఎరుకేనా?"

ఆమె తల తిప్పలేదు.

"బుగ్గ! చిన్న బుగ్గ అన్నట్టు. వెనకట రోమ్ దేశంల సిపాయిలు నెత్తికి ఇనుప టోపీ పెట్టుకొని, చెంప మీదికెల్లి పట్టీ కట్టుకునేటోళ్ళట. బుగ్గ మీద ఉంటది గనుక దానికి చిన్న బుగ్గ అని పేరు పెట్టిండ్రట. గదే మారి మారి బక్కల్ అయ్యింది."

కొంగు మెల్లగా కిందికి దిగింది.

"ఎవలు చెఫ్ఫిండ్రు?"

"ఇంగ్లిషు డిక్షనరీల ఉన్నది. ఇదో, చూడు."

ఆమెకు ఇంగ్లిషు రాదు. అయినా ఫోన్ అందుకుని, ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది. వేలితో ఎడమ బుగ్గను తాకి చూసుకుంది. తర్వాత నిటారుగా కూర్చుంది.

"తమ్మిని ఫిలువు."

బాపు వచ్చాడు. నేను మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి, "నిజంగనా?" అని నన్ను చూశాడు. నేను అవునన్నట్టు తల ఊపాను.

"నలవై ఏండ్లు నవ్వినవ్ గదరా తమ్మీ" అంది అత్త.

బాపు బడిలో లేచి నిలబడ్డ పిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"తప్పయింది అక్కా."

అత్త నవ్వింది. ముఖం కుడివైపు చెవిదాకా పోయింది, ఎడమవైపు కదలకుండా ఉండిపోయింది. కొంగు ఒళ్ళో ఉంది, దాన్ని ఎత్తాలని ఆమెకు తోచలేదు. నవ్వు సగమే అయినా అది పూర్తిగా మా అత్త నవ్వే. బాపు కూడా నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంటూ దుకాణంలోకి వెళ్ళిపోయాడు.

"గా ఊదేది ఇటు తే" అంది అత్త.

సంచి అడుగున పడి ఉన్న పసుపు బుగ్గ తీసి ఇచ్చాను. మొదటి రోజు గాలి అంతా ఎడమ మూలనుంచి బుస్సుమని పోయింది. రెండు వేళ్ళతో ఆ మూలను బిగించి పట్టుకుని ఊదడం ఆమె తానే కనిపెట్టింది. అప్పుడు బుగ్గ నిమ్మకాయంత అయింది. రోజూ బడినుంచి రాగానే నేనూ పక్కన కూర్చుని ప, బ అనేదాన్ని. వసారాలో ఇద్దరం ముఖాలు ఉబ్బించుకుని కూర్చుంటే గోడ మీదినుంచి పక్కింటావిడ తొంగిచూసి వెళ్ళిపోయేది.

మాఘమాసం ఎండ ముదురుతున్న ఒక ఆదివారం, పెర్మిలి నుంచి ఒక మనిషి వచ్చాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. ఇనుప కడ్డీలూ పట్టీలూ ఉన్న కట్టు కట్టుకుని నడుస్తాడు. సిరొంచలో చెల్లెలి ఇంటికని వస్తే, బస్సు దిగుతుంటే మోకాలి దగ్గర బక్కల్ విరిగింది. దుకాణం మెట్టు మీద కాలు చాచుకుని కూర్చున్నాడు. బాపు కుట్టడానికి చూశాడు. రెండుసార్లూ కుట్టు జారిపోయింది. ఆయన వెనక్కి వచ్చి వసారాలో నిలబడ్డాడు.

"అక్కా, నాతోని అయితలేదు. అడుగు తీసి అడుగు ఎయ్యలేకపోతుండు మనిషి."

అత్త లేచి, కొంగు చెంపల చుట్టూ బిగించి చుట్టుకుని, రెండు నెలల తర్వాత మళ్ళీ దుకాణంలోకి పోయింది. పీట తెచ్చి మెట్టు దగ్గర వేసుకుంది. పాత పెట్టె ఒకదాని నుంచి ఇత్తడి బక్కల్ ఊడదీసి, పట్టీ ఒళ్ళో పరుచుకుని కుట్టడం మొదలుపెట్టింది. దబ్బనం లాగిన ప్రతిసారీ కొంగు జారుతోంది. ఒకసారి సర్దుకుంది. రెండోసారి సర్దుకుంది. మూడోసారి వదిలేసింది. మందమైన ఆ పట్టీకి రెండు చేతులూ కావాలి.

ఆ మనిషి ఆమె ముఖం వంక చూశాడు. చూపు తిప్పుకోలేదు.

"గా కన్ను మూతవడదా?"

"వడది."

"దుమ్ము వడ్తది మరి. నల్లద్దాలు పెట్టుకో అక్కా. మా ఊళ్ళె ఒకాయనకు గిట్లనే అయ్యింది. అద్దాలు పెట్టుకొని చేనుకు పోయిండు, పని చేసుకున్నడు."

"తక్కువయ్యిందా?"

"అయ్యింది. జర టైం వట్టింది."

అంతే. అత్త తలూపి కుట్టులో పడింది. అయిపోయాక అతను పట్టీ బిగించుకుని, కొత్త బక్కల్ మీద వేలు పెట్టి నొక్కి చూశాడు.

"గట్టిదే. దీన్ని ఏమంటరు?"

"బుగ్గంటరు" అన్నాడు బాపు గల్లా దగ్గరినుంచి, అత్త నోరు తెరిచేలోపే.

ఆ మనిషి దుకాణం ముందు అటూ ఇటూ నాలుగడుగులు నడిచి, సరిగ్గా ఉందని చెయ్యెత్తి చూపించి, చెల్లెలి ఇంటి వైపు పోయాడు. అతను మలుపు తిరిగేదాకా అత్త చూస్తూ కూర్చుంది. మరునాడు పక్క కొట్టులో నల్లద్దాలు కొనుక్కుంది. అవి పెట్టుకుని కిటికీ మూలన పీట మీద కూర్చుంటే మా దుకాణానికి ఎవరో పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చినట్టుండేది. జనం వంగి వంగి చూసి, మా అత్తేనని గుర్తుపట్టి, బేరాలు మొదలుపెట్టేవాళ్ళు. ఆమె వంకర మాటలతోనే జవాబు చెప్పేది.

బ ఏ రోజున తిరిగివచ్చిందో మాలో ఎవరమూ పట్టుకోలేకపోయాం. ఒకరోజు గమనించేసరికి అది ఆమె నోట్లో ఉంది, ఎక్కడికీ పోనట్టే. ఫాల్గుణంలో ఆఖరిసారి నాగేపల్లి పోయాం. ఆవిడ అద్దం ముందు కూర్చోబెట్టి, రెండు బుగ్గలూ ఉబ్బించమని, గాలి నిలవడం చూసి, చాలు మావశీ, ఇక రానక్కరలేదు అంది. తిరిగి వస్తుంటే అడవిలో బస్సు టైరు పంచరై ఆగింది. అందరం దిగాం. దారి పక్కన ఇప్పపూలు రాలి, నేల మీద చిన్నపిల్లల పాలపళ్ళలాగా పరుచుకుని ఉన్నాయి. గాలి నిండా మత్తు వాసన. అత్త వంగి ఒక పూవు తీసి నోట్లో వేసుకుంది, ఇంకొకటి నాకు ఇచ్చింది. టైరు మార్చేంతసేపూ ఇద్దరం పూలు ఏరుకుంటూ ఆ చెట్ల కింద తిరిగాం.

అంతా మునుపటిలా కాలేదు. నవ్వితే ఎడమవైపు కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఇంకొకటి కూడా మిగిలింది. తిండి తింటుంటే ఎడమ కంటినుంచి నీళ్ళు కారతాయి. నరం తిరిగి పెరిగేటప్పుడు ఒక పోగు దారి తప్పి, నోటికి పోవలసింది కంటికి పోయిందని, దాంతో ఏ ప్రమాదమూ లేదని డాక్టరు చెప్పాడు. మాకు అలవాటైపోయింది. కొత్తవాళ్ళు చూస్తే మాత్రం కంగారు పడతారు. మొన్న చంద్రపూర్ నుంచి వచ్చిన చుట్టపావిడ భోజనం నడుమ చెయ్యి ఆపి, "ఎందుకు ఏడుస్తున్నవ్ వదినా?" అని అడిగింది.

అత్త ఎడమచేతి వెనకవైపుతో చెంప తుడుచుకుంది.

"కూర మంచిగైంది" అంది. "నువ్వు తిను, సల్లారిపోతది."